ఆటలో పాత్రలు విద్య నేర్చే తీరు

పులి–మేక ఆట మీలో చాలామంది ఆడే ఉంటారు. అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి, గులకరాళ్ళో చింతగింజలో పెట్టుకుని ఆడతాం. మేకలు ఒద్దికగా నిలబడితే పులి కదలలేకపోతుంది. అయితే ఆ మేకలు వంద ఆటలు గెలిచినా, నూట ఒకటో ఆటలో మళ్ళీ మొదటి రోజు మేకలే. నేర్చుకునేది ఆడే మనిషిగాని, గీతల మీది గింజ కాదు. అష్టాచెమ్మాలోనూ అంతే. వైకుంఠపాళిలో కాయ నిచ్చెన పట్టుకుని పైకి పోతుంది, కాని ఎక్కడం నేర్చుకోదు. చదరంగంలో బంటు చివరి గడికి చేరి మంత్రి అవుతుంది, నిజమే. అది పదవి మారడమేగాని విద్య నేర్వడం కాదు.

కాయే విద్య నేర్చుకునే ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిని ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. మనం పాత్రధారణ ఆటలు అనుకోవచ్చు. బెంగుళూరు, చెన్నై, పూణే వంటి నగరాల్లో చదువుకునే పిల్లలున్న ఇళ్ళలో ఈ పేరు ఎప్పుడో ఒకప్పుడు వినబడే ఉంటుంది. కంప్యూటరు మీద ఆడేవి కూడా ఉన్నాయిగాని, ఈవేళ నేను చెప్పబోయేది బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే అసలు ఆటల గురించి. అందులోనూ ఒక్క విషయం గురించి: ఆ ఆటల్లో పాత్రలు కొత్త విద్యలు ఎలా నేర్చుకుంటాయి? దానికి ఏమి మూల్యం చెల్లిస్తాయి?

ముందు ఆట సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. నలుగురైదుగురు కూర్చుంటారు. వారిలో ఒకరు కథ నడుపుతారు. ఆ వ్యక్తిని గేమ్ మాస్టర్ అంటారు. మన నాటకాల మాటలో సూత్రధారి అంటే సరిగ్గా సరిపోతుంది. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకరు సిపాయి, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. ప్రతి పాత్రకూ ఒక కాగితం ఉంటుంది. బలం ఎంత, తెలివి ఎంత, ఏయే విద్యలు వచ్చు అన్నది అందులో అంకెల్లో రాసి ఉంటుంది. సూత్రధారి "ఎదురుగా ఏరు పొంగి పారుతోంది. వంతెన కూలిపోయింది. ఏం చేస్తారు?" అని అడుగుతాడు. ఒక ఆటగాడు "ఈదుకుంటూ పోతాను" అంటాడు. పాత్రకు ఈత వచ్చా? కాగితం చూడాలి. వస్తే, పాచిక వేసి ఆ పూట ఈత సాగిందో లేదో తేల్చాలి. రాకపోతే?

ఇక్కడే మన ప్రశ్న పుడుతుంది. ఆడే మనిషికి ఈత వచ్చినా లాభం లేదు, పాత్రకు రావాలి. అలాగే ఆడే మనిషికి వైద్యం ఓనమాలు తెలియకపోయినా, అతని పాత్ర ధన్వంతరి కావచ్చు. మరి రాని విద్య పాత్రకు వచ్చేది ఎప్పుడు? నిన్నటిదాకా కత్తి తప్ప తెలియని సిపాయి ఈరోజు మూలికలు గుర్తుపడుతున్నాడంటే, మధ్యలో ఏమి జరిగింది? సోమయ్య అనే సిపాయి పాత్ర ఉందనుకుందాం. అతనికి మూలికా వైద్యం నేర్చుకోవాలని ఉంది. అతన్ని వెంటబెట్టుకుని ఒక్కొక్క ఆట గడప తొక్కి వద్దాం. ఒక్కో ఇంట్లో ఒక్కో రకం గురుదక్షిణ అడుగుతారు.

ఈ ఆటల్లో మొదట అచ్చయినది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరినుంచి వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని కూర్చారు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. మొదట వేసినవి వెయ్యి ప్రతులు. అప్పటిదాకా బల్లమీద సీసపు బొమ్మల సైన్యాలతో యుద్ధాలు ఆడే అలవాటు వారికి ఉండేది. సైన్యమంతా ఇవ్వకుండా ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క మనిషిని ఇస్తే ఎలా ఉంటుందన్న ఆలోచననుంచి ఈ ఆట పుట్టింది. ఒక్క మనిషిని చేతిలో పెట్టగానే, ఆ మనిషి ఎదగాలన్న కోరిక సహజంగానే వచ్చింది.

ఆ ఎదుగుదలకు వారు ఎక్స్‌పీరియెన్స్ పాయింట్లు పెట్టారు. అంటే అనుభవానికి మార్కులన్నమాట. రాక్షసిని గెలిస్తే కొన్ని మార్కులు. గుహలోంచి బంగారం తెస్తే నాణేనికి ఒక మార్కు. తగినన్ని పోగైతే పాత్ర ఒక మెట్టు ఎక్కుతుంది. మెట్టు ఎక్కితే దెబ్బలు ఓర్చుకునే శక్తి, కత్తి గురి, మంత్రాలు అన్నీ పెరుగుతాయి. కాని ఎక్కడ నేర్చుకున్నాడు, ఎవరు నేర్పారు అన్న ప్రశ్నకు 1974 పుస్తకాల్లో జవాబు లేదు.

ఆ జవాబు 1979లో వచ్చింది. సూత్రధారుల కోసం ఆ ఏడాది గైగాక్స్ రాసిన పెద్ద పుస్తకంలో, మార్కులు వచ్చినంత మాత్రాన మెట్టు ఎక్కరాదు, గురువు దగ్గర శిక్షణ పొందాలి అని నియమం పెట్టాడు. ఆటగాడు తన పాత్రకు తగినట్టు ఎంత బాగా ఆడాడో చూసి సూత్రధారి ఒకటినుంచి నాలుగు దాకా అంకె వేస్తాడు. బాగా ఆడితే ఒకటి, అధ్వాన్నంగా ఆడితే నాలుగు. ఆ అంకెల సగటు ఎంతో, శిక్షణ అన్ని వారాలు. వారానికి రుసుము, పాత్ర ఉన్న మెట్టును 1500తో హెచ్చవేస్తే వచ్చే బంగారు నాణేలు. అంటే మొదటి మెట్టులో ఉన్నవాడు ఎంత బాగా ఆడినా 1500 నాణేలు కట్టాలి. అధ్వాన్నంగా ఆడితే నాలుగు వారాలకు 6000. ఆ డబ్బు కట్టి శిక్షణ పూర్తి చేసేదాకా కొత్త మార్కులు కూడా కలవవు.

ఇందులో ఒక చిక్కు చూడండి. అదే ఆటలో దొంగ పాత్ర రెండో మెట్టు ఎక్కడానికి 1251 మార్కులు చాలు. ఆ మార్కులన్నీ బంగారం తెచ్చే సంపాదించాడనుకున్నా, చేతిలో ఉండేది 1251 నాణేలే. ఫీజు 1500. పాపం, అర్హత వచ్చింది, కట్టడానికి డబ్బు లేదు! కాలేజీ సీటు వచ్చి కాపిటేషన్ ఫీజు దగ్గర ఆగిపోయిన కుర్రవాడి పరిస్థితి లాంటిదే. అప్పుడేం చేస్తాడు? మళ్ళీ గుహలోకి పోతాడు. నేర్చుకోవడం కోసం కాదు, ఫీజు కోసం. ఆ నియమం పుణ్యమా అని పాత్రలన్నీ డబ్బు వెంట పరుగెత్తేవి. గైగాక్స్‌కు అది కావాలనే ఉండి ఉండవచ్చు. పాత్రలు కూడబెట్టిన బంగారం ఖర్చుకావాలి గదా. కాని చాలా బల్లల దగ్గర ఈ నియమాన్ని పక్కన పెట్టేశారు. 1989లో వచ్చిన రెండో కూర్పులో ఇది ఇష్టమైతేనే పాటించే నియమంగా మారింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఈ పద్ధతిలో సోమయ్య ఉన్న విద్యలోనే పైకెక్కుతాడు. మూలికా వైద్యం మాత్రం అతని చేతికి అందదు. రెండోది, ఇది మన కథంతటికీ వెన్నెముక. నేర్చుకోవడానికి ఆట ఏ మూల్యం అడుగుతుందో, ఆటగాళ్ళు ఆ మూల్యం చుట్టూనే తిరుగుతారు. బంగారం అడిగితే బంగారం చుట్టూ తిరుగుతారు. వేరే మూల్యం అడిగిన ఆటల్లో ఏమి జరిగిందో ఇప్పుడు చూద్దాం.

1978లో కాలిఫోర్నియాలోని కేయోసియమ్ అనే సంస్థ రూన్‌క్వెస్ట్ అనే ఆట ప్రచురించింది. స్టీవ్ పెరిన్, ఆయన మిత్రులు దాన్ని రూపొందించారు. వారు మెట్లు తీసేశారు. ప్రతి విద్యకూ నూటికి ఇన్ని పాళ్ళు అని విడివిడిగా అంకె పెట్టారు. కత్తికి 60, చెట్టెక్కడానికి 45, వైద్యానికి 30, ఇలాగన్నమాట. సాహసయాత్రలో ఒక విద్యను వాడి నెగ్గితే, కాగితం మీద దాని పక్కన చిన్న టిక్కు పెట్టుకోవాలి. యాత్ర ముగిసిన తరువాత, టిక్కు ఉన్న ప్రతి విద్యకూ పాచికలు వేస్తారు. 1నుంచి 100 లోపు అంకె పడుతుంది. అది పాత్రకు ఇప్పుడున్న అంకెను మించితేనే విద్య పెరుగుతుంది. పెరిగేది 5 పాళ్ళు.

దీని లెక్కలో ఒక సొగసు ఉంది. సోమయ్యకు వైద్యం 30 అనుకోండి. 30ని మించిన అంకె పడే అవకాశం నూటికి 70. కాబట్టి మొదట్లో గబగబా పెరుగుతాడు. అదే 85కు చేరిన తరువాత, మించిన అంకె పడేది నూటికి 15 సార్లే. వచ్చినవాడికి ఇంకా రావడం కష్టం. వీణ నేర్చుకున్నవారిని అడగండి, మొదటి ఏడాది సరళీస్వరాలు, జంటస్వరాలు చకచకా వచ్చేస్తాయి. ఆ తరువాత ఒక్క గమకం నిలవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ జీవితసత్యాన్ని ఒక్క పాచిక దెబ్బతో పట్టుకున్నారు వారు.

ఇక్కడ అడిగే మూల్యం వాడకం. వాడితేనే వస్తుంది. మరి ఆటగాళ్ళు ఏం చేశారు? దేని చుట్టూ తిరిగారు? టిక్కుల చుట్టూ తిరిగారు! ఒకే పోట్లాటలో కాసేపు కత్తి, కాసేపు గొడ్డలి, కాసేపు ఈటె మార్చి మార్చి వాడేవారు, అన్నిటికీ టిక్కు పడాలని. అవసరం లేకపోయినా చెట్టెక్కేవారు. అందుకే ఇలాంటి ఆటల్లో సూత్రధారికి ఒక అధికారం ఉంటుంది. నిజంగా ప్రమాదం ఉన్నప్పుడు వాడిన విద్యకే టిక్కు, ఊరికే చేసినదానికి లేదు అని అతను చెప్పవచ్చు. రూన్‌క్వెస్ట్‌లో ఇంకో దారి కూడా ఉంది. డబ్బిచ్చి వృత్తి సంఘాల దగ్గర తర్ఫీదు పొందవచ్చు. అనుభవం, శిక్షణ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఇక్కడైతే సోమయ్య మూలికా వైద్యం నిజంగానే మొదలుపెట్టవచ్చు.

ఈ టిక్కుల పద్ధతినే 1981లో శాండీ పీటర్సన్ రూపొందించిన కాల్ ఆఫ్ కథుల్హు అనే భయానక కథల ఆటలో కూడా వాడారు. అందులో ఒక విద్య మాత్రం ప్రత్యేకం. మనిషికి తెలియకూడని పాత రహస్యాల జ్ఞానం అది. పాత గ్రంథాలు చదివితే ఆ జ్ఞానం పెరుగుతుంది. కాని అది ఎంత పెరిగితే, పాత్ర మనసుకు ఉండగల నిబ్బరం అంత తగ్గుతుంది. 99లోంచి ఆ జ్ఞానాన్ని తీసివేస్తే మిగిలేదే నిబ్బరానికి హద్దు. ఆ జ్ఞానం 20 ఉన్నవాడి నిబ్బరం 79కి మించి ఎప్పటికీ పోదు. ఇక్కడ అడిగే దక్షిణ డబ్బూ కాదు, వాడకమూ కాదు, మతి! పుస్తకం తెరవాలా వద్దా అని బల్ల చుట్టూ ఉన్నవారందరూ తర్జనభర్జన పడతారు. ఒక పుస్తకం తెరవడమే కథలో పెద్ద ఘట్టమైపోతుంది.

మరికొన్ని ఆటలు అడిగే మూల్యం వయసు. 1977లో మార్క్ మిల్లర్ రూపొందించిన ట్రావెలర్ అనే అంతరిక్ష యాత్రల ఆట ఉంది. అందులో పాత్రను తయారుచేయడమే ఒక చిన్న ఆట. 18 ఏళ్ళ వయసులో పాత్ర నౌకాదళంలోనో, సైన్యంలోనో, వర్తక నౌకల్లోనో చేరుతుంది. కొలువు నాలుగేళ్ళ చొప్పున సాగుతుంది. ప్రతి నాలుగేళ్ళకూ కొన్ని విద్యలు వస్తాయి. ఇంకో నాలుగేళ్ళు చేస్తే ఇంకొన్ని వస్తాయి. ఆశ పుడుతుంది. కాని ప్రతిసారీ ప్రాణం నిలుస్తుందా అని పాచిక వేయాలి. మొదటి కూర్పులో ఆ పాచిక తప్పితే, ఆట మొదలుకాక ముందే పాత్ర చనిపోతుంది. బతికినా, 34 ఏళ్ళ దగ్గర్నుంచి వార్ధక్యం పాచిక కూడా వేయాలి. ఎక్కువ నేర్చినవాడు ఎక్కువ ముసలివాడై ఆటలోకి వస్తాడు. ఆట మొదలైన తరువాత కొత్తగా నేర్చుకోవడం మహా నిదానం. అక్కడా నాలుగేళ్ళ సాధనే. సోమయ్య ఇక్కడైతే వైద్యం నేర్చుకునే వచ్చి ఉంటాడు, కాకపోతే జుట్టు నెరిసి ఉంటుంది.

1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రాసిన పెండ్రాగన్ అనే ఆట ఆర్థర్ రాజు కాలపు వీరుల కథ. అందులో మామూలుగా ఏడాదికి ఒక్క సాహసయాత్రే. తరువాత శీతాకాలం వస్తుంది. వీరులు ఇళ్ళకు పోతారు. ఆ చలికాలంలోనే పాచికలు వేసి విద్యలు పెంచుకుంటారు, సాధన చేస్తారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, పిల్లలు పుడతారు, వయసు మీద పడుతుంది. తండ్రి పోతే కొడుకు పాత్రతో ఆట సాగుతుంది. నేర్చిన విద్య తండ్రితోనే పోతుంది. కొడుకు మళ్ళీ మొదలుపెట్టాలి. ఏడాదికి ఒకసారి, ఇంటిపట్టున, తీరిగ్గా నేర్చుకోవడం. పొలం పనులు అయిపోయిన తరువాత కోలాటమో చెక్కభజనో నేర్చుకునే పల్లెవారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు.

దాదాపు ఆట మొత్తాన్నీ నేర్చుకోవడం చుట్టూనే కట్టినది ఆర్స్ మాజికా. 1987లో జోనథన్ ట్వీట్, మార్క్ రైన్‌హేగన్ అనే ఇద్దరు యువకులు రూపొందించారు. 13వ శతాబ్దపు ఐరోపా, అందులో మంత్రవేత్తలు. కాలాన్ని ఋతువులుగా లెక్కపెడతారు. ఒక ఋతువంతా ఒక పుస్తకం చదవవచ్చు, ఒక గురువు దగ్గర కూర్చోవచ్చు, లేదా ప్రయోగశాలలో తలుపు వేసుకోవచ్చు. మూడింటిలో ఒక్కటే. శిష్యరికం 15 ఏళ్ళు. గురువు ఏడాదిలో కనీసం ఒక ఋతువు పూర్తిగా శిష్యుడికి బోధించాలి. మిగతా కాలం శిష్యుడు గురువు ప్రయోగశాలలో చాకిరీ చేస్తాడు. ఇందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఆట తరువాతి కూర్పుల్లో ప్రతి పుస్తకానికీ రెండు కొలతలు పెట్టారు. ఎంత బాగా బోధిస్తుంది అన్నది ఒకటి, ఎంత ఎత్తుదాకా తీసుకుపోగలదు అన్నది రెండోది. హద్దు దాటినవాడికి ఆ పుస్తకం ఇక ఏమీ ఇవ్వలేదు. పెద్దబాలశిక్ష ఎన్నిసార్లు తిరగేసినా వ్యాకరణ పండితుడు కాలేడు గదా, అలాగ.

ఇన్ని రకాల మూల్యాలను ఒకే త్రాసులో తూచే ప్రయత్నం 1986లో స్టీవ్ జాక్సన్ చేశాడు. ఆయన ఆట పేరు గర్ప్స్. అందులో 200 గంటల చదువుకు ఒక పాయింటు. ఆ పాయింటుతో విద్య కొనుక్కోవాలి. అయితే అన్ని గంటలూ ఒకటి కాదు. గురువు ఎదుట కూర్చుని నేర్చుకున్న గంట పూర్తి గంట. స్వయంగా పుస్తకం పట్టుకుని కుస్తీపడితే రెండు గంటలు ఒక గంటకు సమానం. పనిచేస్తూ నేర్చుకుంటే నాలుగు గంటలు ఒక గంట. సైన్యంలో లాగ పగలూ రాత్రీ తీవ్రంగా తర్ఫీదు ఇస్తే ఒక గంట రెండుగా లెక్క.

ఈ లెక్క సోమయ్యకు కట్టి చూద్దాం. గురువు దగ్గర రోజుకు 4 గంటలు కూర్చుంటే 50 రోజుల్లో ఒక పాయింటు. ఒంటరిగా అదే 4 గంటలు చదివితే 100 రోజులు. వైద్యుడి అంగట్లో కూలికి చేరి రోజుకు 8 గంటలు మూలికలు దంచితే, 8 గంటలు 2 గంటల కింద జమ. కాబట్టి అదీ 100 రోజులే. కాకపోతే కూలి డబ్బు చేతికి వస్తుంది. ఏ దారి మేలో ఆటగాడు తేల్చుకోవాలి. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లలు ముందు కండెలు చుడతారు, తరువాత తెగిన పోగులు అతుకుతారు, ఆ తరువాతే నాడె పట్టుకుంటారు. తెలంగాణనుంచి సోలాపూరుకు వలసపోయిన పద్మశాలీలు పనిని తమ వెంట తీసుకుపోయింది ఏ బడి ద్వారానూ కాదు. నాలుగు గంటలకు ఒక గంట చొప్పున, తరతరాలుగా జమచేసుకున్న విద్య అది.

ఇంతవరకూ చెప్పిన ఆటల్లో చాలావాటికి ఒక పోలిక ఉంది. నెగ్గినదానికో, కట్టినదానికో, గడిపిన కాలానికో విద్య వస్తుంది. తప్పుచేస్తే ఏమీ రాదు. ఇది సరికాదని కొందరు భావించారు. వారిలో ముఖ్యుడు ల్యూక్ క్రేన్. 2002లో ఆయన బర్నింగ్ వీల్ అనే ఆట తెచ్చాడు. అందులో నెగ్గావా ఓడావా అన్నది కాదు, ఎంత కష్టమైనదానికి పూనుకున్నావు అన్నది లెక్క. ప్రయత్నాలను సులభం, కష్టం, అసాధ్యానికి దగ్గర అని మూడు రకాలుగా రాసుకుంటారు. విద్య కొంత ఎదిగిన తరువాత సులభమైన ప్రయత్నాలు లెక్కలోకే రావు. ఓడిపోతానని తెలిసి కూడా పెద్ద పనికి చెయ్యి వేస్తేనే ముందుకు పోగలడు.

కొత్త విద్యకు ఆ ఆటలో ఇంకా ముచ్చటైన దారి ఉంది. రాని విద్యను కూడా ప్రయత్నించవచ్చు. కాని పని కష్టం రెట్టింపుగా లెక్కిస్తారు. పదిలోంచి ఆ విద్యకు ఆధారమైన సహజశక్తి అంకెను తీసివేస్తే ఎంత మిగిలితే, అన్నిసార్లు ప్రయత్నించాలి. సోమయ్య గ్రహణశక్తి 4 అయితే ఆరుసార్లు. ఆ ఆరుసార్లలో ఆరుసార్లూ ఓడినా ఫరవాలేదు, విద్య తలుపు తెరుచుకుంటుంది. అయితే ఓటమి ఉత్తినే పోదు. రోగికి జ్వరం ముదిరిందో, తప్పు ఆకు నూరి ఇచ్చాడో, కథలో దాని ఫలితం అనుభవించాలి.

అదే రచయిత 2008లో మౌస్ గార్డ్ అనే ఆటలో దీన్ని ఇంకా తేటగా చెప్పాడు. చిట్టెలుకల వీరగాథ అది. విద్య 3 ఉన్నవాడు 4కు చేరాలంటే మూడుసార్లు నెగ్గాలి, రెండుసార్లు ఓడాలి. రెండూ ఉండాలి. ఎప్పుడూ నెగ్గేవాడికి ఎదుగుదల ఆగిపోతుంది. 2012లో వచ్చిన డంజన్ వరల్డ్‌లో అయితే పాచిక తప్పిన ప్రతిసారీ ఒక అనుభవ మార్కు వేసుకోమంటారు. ఈ ఆటల్లో ఆటగాళ్ళు దేని చుట్టూ తిరుగుతారో మీరే ఊహించగలరు. పాచిక తప్పితే మొహం వేలాడదీయరు. వెనుకాడకుండా పెద్ద పనులకు పూనుకుంటారు. తప్పు చేస్తానేమో అన్న భయంతో నోరు విప్పని పిల్లలున్న తల్లిదండ్రులు ఈ నియమాన్ని ఒకసారి ఆలోచించి చూడాలి. పరీక్షలో తప్పు రాస్తే మార్కు తీసేస్తారు. ఇక్కడ తప్పితే మార్కు వేస్తారు. పిల్లవాడు రెండు చోట్లా ఒకేలా ప్రవర్తించడు.

మొదటి ఆట అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఏమైంది అని మీరు అడగవచ్చు. 2014లో దాని ఐదో కూర్పు వచ్చింది. అందులో మెట్టు ఎక్కడానికి శిక్షణ అక్కరలేదు. కాని యాత్రల మధ్య విరామంలో కొత్త భాషనో, ఏదైనా పనిముట్ల వాడకాన్నో నేర్చుకోవచ్చు. దానికి నేర్పే గురువును వెతుక్కోవాలి, 250 రోజులు, రోజుకు ఒక బంగారు నాణెం. 250 రోజులు తీరిక ఏ సాహసికి దొరుకుతుంది? చాలామంది పాత్రలకు ఆ నియమం కాగితం మీదే ఉండిపోయింది. 2017లో వచ్చిన ఇంకో పుస్తకంలో దాన్ని పది వారాలకు తగ్గించారు. వారానికి 25 నాణేలు, పాత్ర తెలివైనదైతే ఇంకొన్ని వారాలు తక్కువ.

భాష మాట వచ్చింది కాబట్టి ఒక్క క్షణం ఆగుదాం. మన శ్రోతల్లో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో. కోలారులో, హోసూరులో, బరంపురంలో, బళ్ళారిలో ఎందరో పిల్లలకు తెలుగు మాట్లాడటం చక్కగా వస్తుంది, చదవడం రాదు. ఈ ఆటల లెక్కలో చూస్తే కారణం తెలుస్తుంది. మాట అనేది వాడకం ద్వారా వచ్చే విద్య. అమ్మమ్మతో, పక్కింటివారితో రోజూ టిక్కులు పడుతూనే ఉంటాయి. చదువు వేరే విద్య. దానికి కాగితం మీద వేరే గడి ఉంది. ఆ గడిలో ఎవరూ టిక్కు పెట్టకపోతే, పక్క గడిలో నూరు పాళ్ళున్నా అది ఖాళీగానే ఉంటుంది. "మాట్లాడతాడుగా, చదవడం అదే వస్తుంది" అనుకోవడం పొరపాటు. మాట వచ్చిన పిల్లవాడికి అక్షరాలు పట్టుబడటం సులభమే, కాని ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పాలి. రోజుకు అరగంట అయినా సరే, అది పూర్తి గంటల లెక్కలోకి వచ్చే అరగంట.

ఇక, మీ ఇంట్లో పిల్లలు ఈ ఆట ఆడుతుంటే, లేదా మీరే సూత్రధారిగా కూర్చోవాలనుకుంటే, నాలుగు సూచనలు చెబుతాను.

మొదటిది, గురువును మనిషిగా చూపండి. "ఇన్ని నాణేలు కట్టావు, విద్య వచ్చింది" అంటే అది అంగడి సరుకు. మూలికల వైద్యురాలు డబ్బు తీసుకోదు, తప్పిపోయిన మనవడిని వెతికి తెమ్మంటుంది అనండి. అప్పుడు నేర్చుకోవడమే కొత్త కథకు మొదలవుతుంది.

రెండోది, ఒకరు నేర్చుకుంటుంటే మిగతావారు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోకూడదు. ఈ ఆటల్లో శిక్షణ నియమాలు మూలపడటానికి పెద్ద కారణం ఇదే. సోమయ్యకు పది వారాలు కావాలంటే, అందరికీ పది వారాల విరామం ఇవ్వండి. ఒకరు విద్య నేర్చుకుంటారు, ఒకరు ఇల్లు చక్కబెట్టుకుంటారు, ఒకరు కొత్త స్నేహం చేస్తారు. పెండ్రాగన్‌లో చలికాలం చేసే మేలు ఇదే.

మూడోది, సగం వచ్చిన విద్యకు కూడా విలువ ఇవ్వండి. పది వారాల్లో ఐదు వారాలు గడిచినవాడు ఏమీ రానివాడితో సమానం కాడు. పది మూలికల్లో నాలుగు గుర్తుపట్టగలడు. ఆ నాలుగింటితో ఒక ప్రాణం నిలబెట్టే సందర్భం కల్పిస్తే, ఆ ఆటగాడు దాన్ని చాలాకాలం మరచిపోడు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏ విద్యలు ఉండాలి అని ముందు ఆలోచించకండి, మూల్యం ఏమిటో ముందు తేల్చుకోండి. మీ ఆటగాళ్ళు వచ్చే ఆరు నెలలు దేని కోసం పాటుపడితే మీకు సంతోషం? డబ్బు కోసమా, గురువుల కోసమా, సాధన కోసమా, ధైర్యంగా ఓడిపోవడం కోసమా? దాన్నే మూల్యంగా పెట్టండి. ఒకటి చాలు, మహా అయితే రెండు. అన్నీ కలిపితే బల్ల మీద ఆట పోయి చిట్టాపద్దులు మిగులుతాయి.

పాచికలు చేతిలో ఉన్నంత మాత్రాన ఇది జూదం కాదు. ఇందులో పందెం లేదు, గెలిచినవాడు ఓడినవాడు అని చివర లెక్క కూడా ఉండదు. నలుగురు కూర్చుని ఒక లేని మనిషిని కొంచెం కొంచెంగా పెంచుతారు. ఆ మనిషికి విద్య ఎలా రావాలో నిర్ణయించవలసి వచ్చినప్పుడు, నిజం మనుషులకు ఎలా వస్తుందో ఆలోచించక తప్పదు. మీ పిల్లలు ఆ ఆలోచనలో పడి ఉన్నప్పుడు, వీలైతే పక్కన ఒక కుర్చీ లాక్కుని కూర్చోండి. వారి కాగితం మీద ఏ విద్యలు రాసుకున్నారో, ఏ విద్య కోసం ఎదురుచూస్తున్నారో అడిగి చూడండి.